నాలుకతో కాయితాలు సర్దే పెద్దవ్వ

మొన్న గురువారం ఆదిలాబాదులో మా ఇంటికి ఒక పెళ్లి పత్రిక వచ్చింది. ప్రెస్సులో కొట్టించిన గులాబీ రంగు అట్ట, పైన వినాయకుడు, మూలలకు పసుపు. పత్రిక ఇచ్చినాయన ఇంకా వాకిలి దాటలేదు, నేను దాని మూలను నాలుకకు తాకించుకున్నాను. మా పదేళ్ల పిల్ల చూడనే చూసింది.

"అమ్మా, పత్రిక నాకుతున్నవేందే?"

"ఉప్పు సరిపోయిందా అని చూస్తున్న," అన్నాను. పిల్ల పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను గానీ, నాలుక మీద జిగురు వాసన తప్ప ఏమీ తగలకపోయేసరికి లోపల ఏదో కలుక్కుమంది. ఆ అలవాటు నాది కాదు. పోయిన కార్తీకంలో చనిపోయిన ఒక ముసలామెది. ఆమె పోయినప్పటి నుంచి నాకు తెలియకుండానే నాకు అంటుకుంది.

కరీంనగరంలో మేము అద్దెకున్న ఇంటి వెనక భాగంలో ఆమె ఉండేది. నేను పెద్దవ్వా అని పిలిచేదాన్ని. ఆమె అత్తగారి వైపు వాళ్లు ఒకప్పుడు బట్టలకు రంగులద్దేవాళ్లు. మిల్లు చీరలొచ్చి ఆ పని పడుకున్నాక ఆమె బట్ట వదిలి కాయితం పట్టుకుంది. కోరుట్ల నుంచి చేత్తో చేసిన మొరటు కాయితం తెప్పించి, గంజి పెట్టి, రంగు పూసి, ఆరినాక నున్నటి రాయితో రుద్ది రుద్ది మెరుపు తెచ్చేది. పత్రికలో అక్షరాలు రాయడానికి అడుగున ఉండే రంగు కాయితం అన్నమాట. దాన్ని ఆమె జమీన్ అనేది. "జమీన్ మంచిగుంటే దాని మీద నువ్వు ఏం రాసినా చెల్లుతది," అని నన్ను ఎత్తిపొడిచేది. ఎందుకంటే రాసేదాన్ని నేను. అంతకుముందు పెద్దింటి పత్రికలన్నీ ఉర్దూలోనే ఉండేవట. ఆంధ్రప్రదేశ్ వచ్చాక తెలుగులో కావాలనేవాళ్లు ఎక్కువయ్యారు. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని ఊళ్లో కాస్త పేరొచ్చింది. ఆ పేరంటే నాకు ప్రాణం. అది ముందే చెప్పేస్తే మంచిది.

ఆమె పనిముట్లు చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. అలలు గీయడానికి పేన్ల దువ్వెన. చుక్కలు చల్లడానికి నమిలిన వేపపుల్ల. పువ్వు ముద్రకు ఎండిన పత్తికాయ డొప్ప. మోదుగుపూల రంగు పూసిన గంజి మీద పేన్ల దువ్వెనను చెయ్యి వణక్కుండా అటు నుంచి ఇటు లాగితే, వానాకాలం మానేరులో నీళ్లు కదిలినట్టుండేది. నేను లాగితే కోళ్లు గెలికినట్టుండేది.

కాయితాలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం మరాఠీలోకి వెళ్లిపోయేది. పుట్టిల్లు మరాఠీ మాట్లాడే ఇచ్చోడ దిక్కు. "ఏక్, దోన్, తీన్, చార్, పాచ్..." అంటూ బొటనవేలితో అంచులు తిప్పేది. మధ్యలో ఎవరు పిలిచినా పలికేది కాదు. ఒక్కో కాయితం మూలను నాలుక కొసకు తాకించి, కళ్లు చిట్లించి, తల ఊపి పక్కన పెట్టేది. గంజి ఆరిందో లేదో చూస్తోందనుకున్నాను. అడిగితే చెప్పే మనిషి కాదు. "సెప్పుకుంట కూసుంటే పని కాదు బిడ్డా, చేతులు జూసి నేర్సుకోవాలె," అనేది. గంజి కాచేటప్పుడైతే పొయ్యి దగ్గరికి ఎవ్వరినీ రానిచ్చేది కాదు.

ఆ కాయితాలన్నీ ఒక పెద్ద సందూక్ పెట్టెలో ఉండేవి. సందూక్ నాలుగు కాళ్ల కింద నాలుగు నీళ్ల చిప్పలు, చీమలు ఎక్కకుండా. కాయితానికి చీమలేమిటని నేను ఎగతాళి చేసేదాన్ని. లోపల చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. ఎర్రది పసుపుపచ్చది నీలం అన్నీ కలగాపులగంగా కట్టలు కట్టి, ఒక్కో కట్టకు ఒక్కో మాసిపోయిన పేలిక చుట్టి ఉండేది. ఒకటి జరీ అంచు ముక్క, ఒకటి ధోతి చింపు, ఇంకొకటి పసుపు మరకల పాత గుడ్డ. పత్రికలకు చెప్పడానికి వచ్చిన ఇల్లు ఒక గుడ్డముక్క ఇచ్చేది, ఆమె దానితోనే ఆ ఇంటికి చేసిన కట్టను కట్టేది. కట్టుతాడు ఖర్చు కలిసొస్తుందని అనుకున్నాను. నాకు ఆ మాత్రమే తెలిసింది.

"పెద్దవ్వా, ఒకరోజు ఇదంతా సర్దిపెడతాను," అంటే నవ్వేది.

"సర్దే ఉన్నయ్ బిడ్డా. కలువద్దన్నయి కలువకుంటె సాలు, సర్దినట్టే."

ఆ మాటను ఆమె బద్ధకం కింద జమకట్టాను.

ఈ పిల్ల నా కడుపులో ఉన్న సంవత్సరం ఫాల్గుణంలో ఆమె మోదుగుపూల కోసం ఇచ్చోడకు పోయింది. పది రోజులన్నది. నేనప్పుడు అయిదో నెల కడుపుతో ఉన్నాను, వాంతులు తగ్గి ఒంట్లో కొత్త ఓపిక వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు రెండో రోజే సందూక్ తెరిచాను. కట్టలన్నీ విప్పేశాను. ఎరుపులన్నీ ఒక దొంతర, నీలాలన్నీ ఒక దొంతర, పచ్చనివన్నీ ఒక దొంతర. అలలున్నవి కింద, చుక్కలున్నవి పైన. దొంతరల మధ్య కొత్త అట్ట ముక్కలు పెట్టాను. ఎంత బాగా కుదిరిందంటే మా ఆయన్ను ఆఫీసు నుంచి రాగానే చెయ్యిపట్టి తీసుకొచ్చి చూపించాను. ఇక ఆ పేలికలు, గంజి కంపు కొడుతున్నాయి. పారేయడానికి మనసొప్పలేదు. సోడాలో ఉడికించి ఉతికి వెనక తీగ మీద ఆరేశాను. తెల్లగా మల్లెల్లా అయ్యాయి.

అవి ఆరుతుండగానే ఒక దొరసాని వచ్చింది. జమ్మికుంట దిక్కు భూములున్న ఇల్లు, కరీంనగరంలో మేడ. పెద్దబిడ్డ పెళ్లి. ఊరందరికీ ప్రెస్సు పత్రికలు, దగ్గరి చుట్టాలకు మాత్రం చేతి పత్రికలు అరవై. తీగ కింద తల వంచి లోపలికొచ్చింది. పెద్దవ్వ ఊరికి పోయిందంటే కాసేపు ఆలోచించి, పసుపు నీళ్లలో ముంచిన చీర ముక్క నా చేతిలో పెట్టింది.

"ఆమె వచ్చినంకనే మొదలువెట్టుండ్రి," అన్నది.

"అక్కరలేదండీ, కాయితాలున్నయి, నేను చేస్తాను," అన్నాను. నా గొప్ప నాది. ఆ పసుపు ముక్కను గూట్లో పడేసి, పచ్చ దొంతర లోంచి అలలున్న మంచి కాయితాలు అరవై ఏరుకున్నాను. ఎనిమిది రోజులు వంగి కూర్చుని రాశాను. నా జన్మలో అంత అందంగా ఎప్పుడూ రాయలేదు.

మర్నాడు పొద్దున పత్రికల కోసం మనిషి వస్తాడనగా మధ్యాహ్నం పెద్దవ్వ దిగింది. నెత్తి మీద గోనెసంచి, ఒళ్లంతా మోదుగుపూల వాసన. మంచినీళ్లిచ్చి, ఊపిరి తీసుకోనీయకుండా సందూక్ దగ్గరికి లాక్కుపోయి మూత ఎత్తాను. మెచ్చుకుంటుందని ఆమె ముఖం వైపే చూస్తున్నాను.

ఆమె కాయితాల వైపు చూడలేదు. సందూక్ అంతా ఒకసారి కళ్లతో వెతికింది.

"పేలికలేయి?"

మడతపెట్టిన తెల్ల దొంతరను చూపించాను. ఆమె ఒక్కొక్కటే విప్పి వెలుతురుకు పట్టి చూసింది. అన్నీ ఒకే తెలుపు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇందులకెల్లి ఏమన్న తీసినవా?"

పత్రికల కట్ట తెచ్చి ముందు పెట్టాను. ఆమె వాకిట్లో చాప వేసుకుని కూర్చుంది. మొదటి పత్రిక తీసి మూల నాలుకకు తాకించింది, కుడి పక్కన పెట్టింది. రెండోది, కుడి పక్కనే. మూడోది, నాలుగోది. అయిదోది తాకించగానే ఆమె దవడ బిగుసుకుంది. దాన్ని ఎడమ పక్కన పెట్టి, నా వైపు తిరగకుండానే అన్నది.

"నువ్వు లే. పోయి నెత్తి మీద నీళ్లు పోసుకో."

"ఎందుకు పెద్దవ్వా?"

"పొమ్మన్న గద."

పోసుకుని తడి తలతో వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఆమె ఎడమ పక్కన పెట్టినవే లెక్కపెడుతోంది. "దోన్." చాలాసేపు ఏమీ లేదు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. "తీన్. చార్." వెంటవెంటనే. ఎండ వాకిట్లోంచి గోడెక్కింది. ఏమి తప్పు జరిగిందో తెలియదు, జరిగిందని మాత్రం తెలుస్తోంది. యాభై దాటాక ఆమె ఒక్కోదాన్ని రెండేసి సార్లు, మూడేసి సార్లు తాకించడం మొదలుపెట్టింది. నీళ్లు పుక్కిలించింది, మళ్లీ తాకించింది. నాలుక పచ్చగా అయింది. చివరి మూడు పత్రికలు ఏ పక్కన పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నాలుక మొద్దువారింది బిడ్డా. గివి నాకు తెలుస్తలేవు."

ఎడమ పక్కన పద్నాలుగు.

అప్పుడు చెప్పింది. పెళ్లి కాయితాల గంజిలో ఆమె ఇంత బెల్లం వేస్తుంది. దినాల చీటీల గంజిలో వేపాకు రసం పోస్తుంది. పెళ్లికి తీపి, చావుకు చేదు. ఒక పనికి చేసిన కాయితం మిగిలితే మళ్లీ అలాంటి పనికే పోవాలి గానీ దాటకూడదు. ఏది దేనిదో గుర్తు ఆ పేలికే. పెళ్లింటి వాళ్లు పసుపు గుడ్డ ఇస్తారు, చావింటి వాళ్లు తెల్ల గుడ్డ ఇస్తారు. మామూలుగా దినాల చీటీలకు నల్ల అంచు ఉంటుంది కాబట్టి రంగు చూసినా పోల్చుకోవచ్చు. కానీ ఆ చలికాలం ఒక షావుకారి తల్లి, మునిమనవల్ని చూసిన పండు ముసలి, పోయింది. నిండు బతుకు బతికిందని కొడుకులు ఆమెకు ఇష్టమైన మోదుగు పచ్చతోనే దినాల చీటీలు చేయించారు. అవే అలలు, అదే దువ్వెన. నేను కడుపుతో ఉన్నానని ఆ చీటీలు నా కంటపడకుండా బడిపంతులుతో రాయించిందట. మిగిలిన ఆ కాయితాల మీదే నేను పెళ్లికూతురి పేరు రాసి కూర్చున్నాను.

మా దిక్కు చావు చీటీ వస్తే గడప బయటే చదివి చింపేసి నెత్తి మీద నీళ్లు పోసుకుంటారు, ఇంట్లోకి తీసుకుపోరు. ఆ కాయితాలు దగ్గరి చుట్టాల దేవుడి గూళ్ల దగ్గరికి పోబోతున్నాయి.

"ఎవరికి తెలుస్తది పెద్దవ్వా?" అన్నాను. ఆ మాట అన్నది నేనే. "పత్రికను నాకి చూసేదెవరు?"

"ఎవ్వలకు తెల్వది. నాకు ఎరుకైంది గద."

"నువ్వు నిజంగా నమ్ముతున్నవా, చేదు కాయితం పోతే కీడు జరుగుతదని?"

ఆమె ఆ మూడు పత్రికల వైపు చూస్తూ అన్నది. "నేను నమ్ముతనా లేదా గాదు బిడ్డా. వాళ్లు నమ్మి ఆ పసుపుగుడ్డ మన చేతుల వెట్టిండ్రు."

కొత్త కాయితం చేయాలంటే గంజి పెట్టాలి, ఆరాలి, రుద్దాలి, రెండు రోజులు తక్కువ పట్టదు. పెద్దవ్వకు జ్వరమొచ్చిందని కబురు పంపి రెండు రోజులు ఆగమందామన్నాను. గట్టిగా తల అడ్డంగా ఊపింది.

"ఇన్నేండ్లల్ల అబద్ధమాడి ఒక్క పెండ్లి కాయితం ఇయ్యలే. ఇప్పుడు ఇయ్య."

ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు. కడుపులో పిల్ల కదిలినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను.

పొద్దున్నే ఇద్దరం అరవై పత్రికలూ పట్టుకుని దొరసాని మేడకు నడిచాం. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నాను. సర్దింది నేను, ఉతికింది నేను, ఆగమన్నా ఆగకుండా రాసింది నేను. మూడు ముక్కలు, అంతే. దొరసాని పూజ ముగించుకుని నడవలోకి వచ్చింది. పెద్దవ్వ కట్టను ఆమె కాళ్ల ముందు పెట్టింది.

"దొరసానీ, తప్పైంది. గిందుల దినాల కాయితం కలిసింది. నా కండ్లకు మసకొచ్చింది. కట్టలు నేనే కలిపిన."

నేను తల ఎత్తాను. పెద్దవ్వ ఎడమ చెయ్యి వచ్చి నా మణికట్టును పట్టుకుంది. రాయితో రుద్ది రుద్ది కాయలు కాసిన చెయ్యి, నొప్పి పుట్టేలా పట్టుకుంది.

దొరసాని ఆమెను చూసింది. "నీ కండ్లకా, మసకా?"

"అవు."

"ఎప్పటి సంది?"

"గీ చలికాలం సంది."

దొరసాని చూపు మెల్లగా నా మీదికి వచ్చింది. అక్కడే ఆగింది. నేను నోరు తెరవబోయానని, ఆ చెయ్యి పట్టుకోకపోతే చెప్పేదాన్నేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ చెయ్యి పట్టుకున్నందుకు నా ప్రాణం లేచొచ్చింది. నా దస్తూరికి వచ్చిన పేరు పోతుందని భయం, కడుపుతో ఉన్నది పెళ్లిలోకి చావును తెచ్చిందంటారని భయం. నా కాలి మట్టెల వైపు చూస్తూ నిలబడ్డాను.

"సరే, పోండ్రి," అన్నది దొరసాని. "ప్రెస్సుల కొట్టిస్తం."

బయటికి రాగానే పెద్దవ్వ నా చెయ్యి వదిలేసింది. "నీ మీదికి పోతే పొట్టల పిల్ల మీదికి పోతది," అన్నది. అంతే. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు. ఒక్క దెప్పు మాట అనలేదు. వారం రోజులు కూర్చుని, పొద్దున కొన్ని సాయంత్రం కొన్ని, సందూక్ మొత్తం నాలుకతో వేరుచేసింది. తెల్లబడ్డ పేలికల్లో పెళ్లివాటిని మళ్లీ పసుపులో ముంచి కట్టింది.

కానీ పసుపు గుడ్డ పట్టుకుని ఆ వాకిట్లోకి మళ్లీ ఎవరూ రాలేదు. ఆ పెళ్లి దివ్యంగా జరిగింది, ఆ పిల్ల ఇప్పటికీ చల్లగా ఉంది, అయినా రాలేదు. దినాల చీటీలకు మాత్రం వచ్చేవాళ్లు. "సావులకు కరువుండదు బిడ్డా, ఫికర్ జెయ్యకు," అని నవ్వేది. పెళ్లికాలం వచ్చిందంటే మాత్రం ఎందుకో సందూక్ కాళ్ల కింది చిప్పల్లో నీళ్లు మారుస్తూ ఉండేది. తీపి కట్టలు అట్లాగే లోపల ఉన్నాయి. కాలం మారిందని, అందరూ ప్రెస్సుకే పోతున్నారని నేను సర్దిచెప్పేదాన్ని. ఆమెకో నాకో తెలియదు. పిల్ల పుట్టిన రెండేళ్లకు మా ఆయనకు ఆదిలాబాదు బదిలీ అయింది. బండి కదిలేటప్పుడు ఆమె పిల్ల చెంపను ముద్దుపెట్టుకోలేదు, నాలుక కొసతో తాకించి, "తీపే," అన్నది.

పోయిన కార్తీకంలో ఆమె తమ్ముడి కొడుకు రాసిన కార్డు వచ్చింది, మూలకు నలుపు. గడప బయట చదివాను. చింపలేకపోయాను. పదకొండో దినానికి కరీంనగరం పోయాను.

వాకిట్లో భోజనాల బంతి సాగుతోంది. గోడవార పీట మీద దొరసాని కూర్చుని ఉంది, జుట్టంతా నెరిసింది. నన్ను గుర్తుపట్టి పక్కన కూర్చోమంది. కాసేపు పెద్దవ్వ చేతి పని గురించి, పేన్ల దువ్వెన గురించి మాట్లాడుకున్నాం. ఇక నావల్ల కాలేదు.

"దొరసానీ, ఆనాడు కాయితాలు కలిపింది పెద్దవ్వ కాదు. నేను. ఆమె ఊళ్లో కూడా లేదు."

దొరసాని తిరగలేదు. ఎదురుగా, నేను ఒకప్పుడు బట్టలారేసిన తీగ వైపే చూస్తోంది.

"ఎరుకే," అన్నది.

"ఎరుకా?"

"పేలికలు తెల్లగ ఉతికి గీ తీగ మీద ఆరేసి ఉండె. వాటి కింద తల వంచుకోని వచ్చిన. ఆమె పేలిక ఉతుకది. ఆమె ఊరి మీదికి పోయిందని సెప్పింది గూడ నువ్వే గద."

చూపు తీగ మీదే ఉంచి దొరసాని మళ్లీ అన్నది.

"కాయితం కలిసిందని గాదు మేం ఇచ్చుడు బంద్ జేసింది. కలువదా, మనుషులం. అన్నేండ్లు ఆమె మాట మీద ఉన్నం. తీపంటే తీపి, చేదంటే చేదు. ఆనాడు నా మొకం మీద అబద్ధమాడింది. అబద్ధమాడొస్తదని ఎరుకైనంక, గిది తీపే అంటే ఎట్ల నమ్మాలె?" అప్పుడు నా వైపు తిరిగింది. "నువ్వు ఒక్క మాట అంటవని జూసిన. శానసేపు జూసిన."

తర్వాతి బంతికి పిలిచారు. ఆమె లేచి పోయి కూర్చుంది, నన్నూ పక్కనే కూర్చోబెట్టారు. పండు ముసలి కదా అని విస్తట్లో పరమాన్నం వడ్డించారు. వేలితో తీసి నాలుక కొసకు తాకించుకున్నాను. తీపో చేదో నాకు తెలియలేదు.